మడిచి కట్టే హక్కు: మగవాడి పావడా చరిత్ర

ఇటీవల ఒక కథల పోటీకి వచ్చిన రచనలను పరిశీలించే పని ఈ వ్యాసకర్త మీద పడింది. నలభైకి పైగా కథలు. అధికభాగం కళాశాల విద్యార్థులు రాసినవి. వరసగా చదువుతూ ఉంటే ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనిపించింది. గళ్ళ లుంగీ కట్టిన మనిషి ఏ కథలో అడుగుపెట్టినా వాడు తాగుబోతు, కాకపోతే రౌడీ, కాకపోతే పెళ్ళాన్ని బాదే మొగుడు. తెల్లపంచె కట్టిన మనిషి ప్రవేశించాడంటే ఆయన ఊరిపెద్ద, ధర్మమూర్తి, మన సంస్కృతికి ప్రతినిధి. ప్యాంటు తొడుక్కున్నవాడి దుస్తుల ప్రస్తావనే లేదు. అతడు మామూలు మనిషి. మామూలు మనిషి బట్టల గురించి చెప్పేదేముంది అని రచయితల ఉద్దేశం కాబోలు.

అడ్డకట్టు కట్టిన తెల్లపంచెకూ గళ్ళ లుంగీకీ తేడా ఎంత? రెండూ నడుము చుట్టూ తిరిగి పాదాల దాకా దిగే గుడ్డలే. ఒకటి తెలుపు, ఒకటి రంగు. ఒకదాని అంచులు విడిగా ఉంటాయి, రెండోదాన్ని చాలామంది గొట్టంలా కుట్టించుకుంటారు. నిర్మాణంలో రెండూ పావడాలే. ఈ మాట అంటే మనవాళ్ళకు కోపం వస్తుంది. ఎదుటివాడి పౌరుషాన్ని కించపరచాలంటే చీరె కట్టుకో, గాజులు తొడుక్కో అనడం మన తిట్లలో ఒక భాగం. ఆ తిట్టు తిట్టే క్షణంలో తన నడుముకు ఉన్నది రెండు మీటర్ల పావడాయేనని ఆ మగధీరుడు గమనించడు.

ఇంతకీ కాళ్ళు రెండూ విడదీసే దుస్తు మగతనానికీ, కలిపి చుట్టే దుస్తు ఆడతనానికీ గుర్తులు ఎప్పుడయ్యాయి? ఒకే రకమైన గుడ్డ ఒకడి నడుమున గౌరవం, ఇంకొకడి నడుమున అవమానం ఎలా అయింది? దుస్తుల చరిత్ర ఈ ప్రశ్నలకు జవాబు చెబుతుంది. పాత్రలకు బట్టలు తొడిగే బాధ్యత ఉన్న మనం ఆ జవాబు వినడం అవసరం.

గుర్రం తెచ్చిన మార్పు

ప్యాంటు పుట్టింది మగతనం నుంచి కాదు, గుర్రపు వీపు మీద నుంచి. చైనా వాయువ్య భాగాన తుర్ఫాన్ ప్రాంతపు సమాధుల్లో దొరికిన ఉన్ని షరాయి దాదాపు 3000 సంవత్సరాల నాటిది. దానిని తొడుక్కున్నవారు గుర్రాలెక్కి తిరిగే పశుపాలకులు. క్రీ.పూ. 307లో చైనాలోని ఝావ్ రాజ్యాన్ని ఏలిన వూలింగ్ తన సైన్యానికి ఉత్తరాది సంచార జాతుల షరాయిలు తొడిగించాడు. నిలువుటంగీతో గుర్రపుస్వారీ యుద్ధం సాగదని అతనికి అనుభవం మీద తెలిసింది. ఆస్థానంలోని పెద్దలు అది అనాగరికుల వేషమని అభ్యంతరం చెప్పారు.

రోమనులదీ అదే అభిప్రాయం. వారికి నాగరికుని దుస్తు ట్యూనిక్, టోగా. షరాయి ఉత్తరాది ఆటవికుల గుర్తు. సైనికులు చలిదేశాల్లో దానికి అలవాటు పడ్డారు, అది మెల్లగా నగరానికీ పాకింది. క్రీ.శ. నాలుగో శతాబ్ది చివర చక్రవర్తులు రోము నగరంలో షరాయిలు ధరించరాదని శాసనమే చేయవలసివచ్చింది. ప్యాంటు వేసుకున్నవాడిని ఊళ్ళోకి రానివ్వనివారి వారసులే పదిహేను వందల ఏళ్ళ తరువాత ప్యాంటు లేనివాడిని క్లబ్బులోకి రానివ్వలేదు. దుస్తుల విషయంలో శాశ్వత ధర్మాల గురించి మాట్లాడేవారు ఈ రెండు ద్వారాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

స్వారీ చేసేవాడికి షరాయి, నడిచేవాడికి చుట్టుగుడ్డ. మొదట ఉన్న విభజన ఇది. స్వారీ చేసేవాడు సహజంగానే ప్రభువు, సైనికుడు, అధికారి అయ్యాడు. అతని సౌకర్యం క్రమంగా అందరి మర్యాద అయింది. ఈ మార్పు ఎంత బలవంతంగా జరగగలదో చూడాలంటే స్కాట్లండు ఉత్తరాన ఉన్న కొండసీమకు వెళ్ళాలి.

కొండసీమ కంబళి

నేడు స్కాట్లండు పేరు చెబితే మోకాళ్ళ దాకా ఉండే కుచ్చెళ్ళ కిల్టు గుర్తుకువస్తుంది. పదిహేడో శతాబ్దిలో అక్కడి కొండవాసి ధరించినది అది కాదు. రెండు పన్నాలు కలిపి కుట్టిన నాలుగైదు గజాల ఉన్నిగుడ్డ అది. దాన్ని నేల మీద పరిచి, కుచ్చెళ్ళు పోసి, అడుగున నడుముపట్టా ఉంచి, దాని మీద పడుకొని పట్టా బిగించి లేచేవాడు. నడుము కింది భాగం పావడా అయ్యేది. పైభాగం భుజం మీదికి వెళ్ళి ఉత్తరీయమయ్యేది, వానకు ముసుగయ్యేది. రాత్రి పట్టా విప్పితే అదే పడక, అదే దుప్పటి. వాగులు, బురద, తడిసిన పొదలు నిండిన ఆ నేలలో కాళ్ళకు అంటుకునే తడి షరాయికన్న మోకాళ్ళ పైన ఆగిపోయే గుడ్డ మేలు. అక్కడ కూడా గుర్రాలెక్కే ప్రభువులు బిగుతు షరాయిలు తొడిగేవారు. నడిచే జనానిదే చుట్టుగుడ్డ.

1720ల నుంచి ఈ గుడ్డ రెండుగా విడిపోవడం మొదలైంది. నడుము కింది భాగాన్ని మాత్రమే వేరుచేసి కుచ్చెళ్ళు కుట్టిన దుస్తే నేటి కిల్టుకు మూలం. దీన్ని రూపొందించినవాడు థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుపకొలిమి యజమాని అనీ, అడవి కొట్టే కూలీలకు, కొలిమి పనివారికి పెద్దగుడ్డ అడ్డంగా ఉందని ఇలా కత్తిరింపించాడనీ పద్దెనిమిదో శతాబ్దిలోనే ఒక కథనం అచ్చయింది. 1983లో ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ సంపాదకత్వంలో వెలువడిన ‘సంప్రదాయాల కల్పన’ గ్రంథంలో హ్యూ ట్రెవర్ రోపర్ ఈ కథనాన్ని బలపరిచాడు. అంతకుముందే చిన్నకిల్టు వాడుకలో ఉందని వాదించే పండితులూ ఉన్నారు. వాదం ఎటు తేలినా దుస్తు కురచయింది పని కోసమే అన్నది సహేతుకంగా కనిపిస్తుంది.

1745లో స్టూవర్టు రాజవంశం పక్షాన కొండసీమలో తిరుగుబాటు లేచింది. 1746 ఏప్రిల్‌లో కలోడెన్ యుద్ధంలో అది అణగిపోయింది. ఆ సంవత్సరమే బ్రిటిష్ పార్లమెంటు కొండసీమ దుస్తులను నిషేధించింది. మొదటి నేరానికి ఆరునెలల జైలు. రెండోసారి పట్టుబడితే సముద్రం దాటించి ఏడేళ్ళ ప్రవాసం. నిషేధం పురుషులకూ బాలురకూ మాత్రమే. రాజు సైన్యంలో చేరినవారికి మినహాయింపు. అంటే ఆ దుస్తులో దోషం లేదు, అది ఎవరి ఒంటి మీద ఉన్నదన్నదే దోషం. తన పొలంలో కట్టుకుంటే జైలుకు పంపే గుడ్డను, రాజు కోసం పరదేశంలో తుపాకి పట్టేవాడికి రాజే యూనిఫారంగా ఇచ్చాడు. నిషేధం అమలులో ఉండగానే, 1780లో, హైదరాలీతో పోరాడబోయే ఒక హైలాండు పటాలం మన మద్రాసు తీరాన దిగింది.

ప్రభుత్వం ఈ గుడ్డకు ఎందుకు భయపడింది? అది పనికిరానిది కాబట్టి కాదు. మరీ పనికివచ్చేది కాబట్టి. నిషేధానికి ముందే కొండసీమలో పనిచేసిన ఎడ్వర్డు బర్ట్ అనే ఇంగ్లీషు అధికారి, ఈ గుడ్డను విమర్శించేవారి వాదాన్ని తన లేఖల్లో నమోదు చేశాడు. ఇది ఉన్నంతకాలం కొండవాసి ఇల్లు లేకుండా పొదల్లో రోజుల తరబడి దాగి ఉండగలడు, ఏ క్షణాన పిలిచినా తిరుగుబాటుకు సిద్ధంగా ఉంటాడు అన్నది ఆ వాదం. ప్రభుత్వ పక్షానే నిలిచిన న్యాయాధికారి డంకన్ ఫోర్బ్స్ సైతం, ఆ చలికొండల్లో బతకడానికి తగిన దుస్తు అదేననీ, దాన్ని తీసివేస్తే విధేయులూ బాధపడతారనీ హెచ్చరించాడు. ఎవరూ వినలేదు.

1773లో శామ్యూల్ జాన్సన్ అక్కడ పర్యటించాడు. చట్టం దాదాపు అంతటా అమలైందని గమనించాడు. ఆయన గమనించిన మరొక సంగతి మనకు ముఖ్యం. పాత దుస్తు మార్చుకోవడానికి ఏ పేదరికం అడ్డుపడిందో, మళ్ళీ దానికి తిరిగి వెళ్ళడానికీ అదే పేదరికం అడ్డుపడుతున్నదట. చట్టం చేసినవారికి బట్ట ఒక చిహ్నం. కట్టుకునేవాడికి అది ఖర్చు.

1782లో నిషేధం రద్దయింది. ఆ తరువాత జరిగినది చరిత్రలోని చేదు హాస్యాలలో ఒకటి. 1822 ఆగస్టులో నాలుగో జార్జి ఎడింబరోకు వచ్చాడు. స్వాగత ఉత్సవాల సూత్రధారి నవలాకారుడు వాల్టర్ స్కాట్. ఆయన ప్రోద్బలంతో కొండసీమతో ఏ సంబంధమూ లేని నగర పెద్దమనుషులు సైతం కిల్టులు కుట్టించుకున్నారు. రాజుగారు మాంసవర్ణపు బిగుతుజోళ్ళ మీద కిల్టు తొడిగి దర్బారు చేశారు. అప్పటికి కొన్నేళ్ళ ముందే, 1814లో, సదర్లాండు ప్రాంతపు స్ట్రాత్‌నేవర్ లోయలో గొర్రెల మేపు కోసం కౌలురైతులను గెంటివేసి వారి ఇళ్ళ కప్పులకు నిప్పుపెట్టారు. ఆ ఖాళీలు అక్కడితో ఆగలేదు. గుడ్డ కట్టుకున్న మనుషులు కొండలు విడిచి కెనడాకు, ఫ్యాక్టరీ పట్టణాలకు పోయారు. గుడ్డ మాత్రం ప్రభువుల విందుశాలలో జాతీయ సంప్రదాయమై నిలిచింది. ఒక గొప్ప రచయిత పండుగ వేషాన్ని చూశాడు, ఖాళీ అయిన లోయను ఆ పండుగలోకి రానివ్వలేదు. రచయితలమైన మనం ఇక్కడ కొంచెంసేపు ఆగవలసి ఉంది.

మా ఇంటి లుంగీ

కొండసీమ కంబళి వర్ణన చదివినప్పుడల్లా ఈ వ్యాసకర్తకు తన తండ్రి లుంగీ గుర్తుకువస్తుంది. ఆయన రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ. పగలు అది బట్ట, రాత్రి దుప్పటి. కాలువలో స్నానానికి అదే చాటు, ఒడ్డున బట్ట మార్చుకునేటప్పుడు అదే గోడ. పళ్ళతో అంచు పట్టుకొని లోపల తడిబట్ట జార్చి పొడిబట్ట చుట్టుకునే ఆ నేర్పు నాలుగు గోడల స్నానాల గది ఉన్నవాడికి అవసరం లేదు. పాత లుంగీ తలమీద చుట్టకుదురు అయ్యేది, దూలానికి కడితే చంటిపిల్లకు ఉయ్యాల అయ్యేది. చివరికి పొయ్యిమీది గిన్నె దించే మసిగుడ్డగా దాని జీవితం ముగిసేది. నడుముకొలత పెరిగినా తగ్గినా దర్జీ అక్కర్లేదు. అన్నదమ్ములు ముగ్గురికీ ఒకటే సరిపోయేది.

ఈ ప్రయోజనాలన్నిటికీ మూలం ఒకటే: మడవడం. పొడవాటి పావడా ఎండకు, దోమకు, చలికి కాళ్ళు కప్పుతుంది. పని వచ్చిందంటే మోకాళ్ళ పైకి లేచి రెండు పొరలవుతుంది. గాలి ఆడుతుంది, తడిస్తే తొందరగా ఆరుతుంది. ప్యాంటుకు ఒకటే పొడవు. లుంగీకి పనిని బట్టి పొడవు.

అన్ని పనులకూ ఇదే గొప్పదని వాదించడం అసత్యమవుతుంది. మడకపట్టే రైతు, తాడెక్కే గీతకార్మికుడు గోచీ బిగించారు. గోచీ పోసిన పంచె నిజానికి కుట్టులేని షరాయియే. మిల్లులో బస్తా మోసేవారు లుంగీ ఎగగట్టేవారు కాని, తిరిగే బెల్టు దగ్గర పనిచేసేవాడు నిక్కరు తొడుక్కునేవాడు. ఆ తేడా ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా కదిలే యంత్రం దగ్గర పనిచేసేవాడు బిగుతు దుస్తులు ధరించాలనీ, వాటిని యజమానే ఇవ్వాలనీ రాసింది. గుర్రం తరువాత ప్యాంటుకు బలమైన కారణం ఇచ్చింది యంత్రమే. శ్రామికుడు ఏ గుడ్డనూ పూజించలేదు, ఏ గుడ్డనూ ద్వేషించలేదు. పనికి తగినది కట్టాడు.

మన నేతలోనే మరొక ఉదాహరణ ఉంది. చీరాల, పుట్టపాక నేతగాళ్ళు దారాన్ని నూనెలో, క్షారంలో నానబెట్టి అద్దకంతో నేసిన తేలియా రుమాలు దక్కనులో పశువుల కాపరికీ జాలరికీ లుంగీ, తలపాగా. అదే గుడ్డ నిజాం ఇంటి స్త్రీల భుజాన దుపట్టా. నూలు అదే, నేత అదే, విలువ మాత్రం భుజాన్ని బట్టి మారింది.

మన తీరం నుంచి రంగం వెళ్ళిన కూలీల సంగతి పాఠకులకు విదితమే. ఆ బర్మాలో పూర్వం మగవారు చాలా పొడవైన కుట్టులేని గుడ్డ చుట్టేవారు. బ్రిటిష్ కాలంలో దాని స్థానాన్ని దక్షిణ భారతం వైపు నుంచి వచ్చిన, గొట్టంలా కుట్టిన లుంగీ ఆక్రమించింది. అక్కడ రిక్షా తొక్కేవాడూ, గుమాస్తా, మంత్రీ అందరూ కట్టినది అదే. లుంగీ కట్టినవాడి మాట చెల్లదన్న నియమం బర్మాలో పుట్టలేదు. మరి మన దగ్గర ఎందుకు పుట్టింది?

మడిచేది ఎవరు, దించేది ఎవరు?

ఈ ప్రశ్న ముందు స్త్రీల వైపు నుంచి వేసుకోవాలి. పొడవాటి పావడా అంత సౌకర్యమైనదైతే ఐరోపా స్త్రీలు దానిమీద ఎందుకు తిరగబడ్డారు? 1881లో లండనులో ఏర్పడిన హేతుబద్ధ వస్త్రధారణ సంఘం, లోదుస్తుల బరువు ఏడు పౌనులకు మించరాదని కోరవలసివచ్చింది. సుమారు మూడు కిలోలు దాటకుండా ఉంటే చాలునని అడిగారంటే అంతకుముందు ఎంత మోశారో ఊహించవచ్చు. అసలు శిక్ష బరువు కాదు. మడవకూడదన్నది శిక్ష. చీలమండ కనిపిస్తే అప్రతిష్ఠ. వీధి బురదను ఈడుస్తూ నడవవలసిందే. మన నాట్లకూలీ స్త్రీ చీరె ఎత్తి బొడ్డులో దోపుకుంటుంది, కనుకనే ఆ పొడవు ఆమెకు సంకెల కాలేదు. గట్టుమీద ఆసామి చూపు మాత్రం ఆమె పని మీద కాక పిక్కల మీద ఉంటుంది. సౌకర్యం గుడ్డలో లేదు, దాన్ని ఇష్టప్రకారం ఎత్తి దించుకునే స్వేచ్ఛలో ఉంది.

ఈ స్వేచ్ఛ మగవారికీ సమానంగా లేదు. తిరువాన్కూరులో నిమ్నకులాల పురుషుడి గుడ్డ మోకాలు దాటి కిందికి దిగకూడదు. 1893లో పులయ కులానికి చెందిన అయ్యంకాళి తెల్లని ముండు కట్టి, పైగుడ్డ వేసి, తలపాగా చుట్టి, ఎద్దులబండిలో రాజవీధిన వెళ్ళాడు. అక్కడ పావడా దించడమే తిరుగుబాటు. మన పల్లెల్లో దొర ఎదురుపడితే భుజంమీది తువ్వాలు చంకలోకి పోయేది, చెప్పులు చేతిలోకి వచ్చేవి, మడిచిన పంచె కిందికి దిగేది. ఇక్కడ దించడం లొంగుబాటు. ఒకచోట దించరాదు, ఒకచోట దించక తప్పదు. రెండుచోట్లా నిర్ణయం కట్టుకున్నవాడిది కాదు.

1921 సెప్టెంబరులో మదురైలో గాంధీజీ నిండుబట్టలు వదలి కొల్లాయికి మారారు. కోట్లమందికి ఒంటినిండా గుడ్డలేని దేశంలో ఆ పని గొప్పదే. అంబేద్కర్ మూడు ముక్కల సూటు తొడిగారు. అదీ గొప్ప పనే. బట్ట వదులుకునే అవకాశం అది ముందే ఉన్నవాడికి ఉంటుంది. తరతరాలుగా నిషేధించబడినవాడికి తొడుక్కోవడమే ప్రకటన. కనుక లుంగీని సమర్థించే ఉత్సాహంలో, ప్యాంటు తొడిగిన దళిత యువకుణ్ణి సంప్రదాయం మరిచాడని నిందించే పెద్దమనుషుల గుంపులో మనం కలవకూడదు.

ఒకసారి ఈ వ్యాసకర్త తండ్రి మిల్లు నుంచి నేరుగా బడికి వచ్చారు, కొడుకు పరీక్ష ఫీజు కట్టడానికి. గేటు దగ్గర ఆగి లుంగీ మడత విప్పి దించి, తువ్వాలుతో దుమ్ము దులుపుకొని లోపలికి వచ్చారు. అక్కడి పెద్ద ఆయన ఒకరు తలెత్తి, ప్యాంటు వేసుకొని రాలేవా అన్నారు. నాన్న ఏమీ అనలేదు. ఫీజు కట్టి రసీదు తీసుకున్నారు. సిగ్గుపడింది నేను. ఆ సిగ్గు తప్పని తెలుసుకోవడానికి నాకు ఎమ్మే దాకా పట్టింది.

2014 జూలైలో చెన్నైలోని ఒక క్రికెట్ క్లబ్బు, పంచె కట్టి వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే గుమ్మం దగ్గర ఆపింది. దేశమంతా చర్చించింది. ఆగస్టులో తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలను నిషేధిస్తూ చట్టం చేసింది. చేయదగిన చట్టమే. అయితే అది సంస్కృతి గౌరవం పేరుతో వచ్చింది. ఆపింది ఒక న్యాయమూర్తిని కాబట్టి వచ్చింది. ఆస్పత్రి వరండాలోనో ఆఫీసు బల్ల ముందో లుంగీ చూసి విసుక్కున్నందుకు చట్టాలు రావు. ఆ అవమానం నమోదయ్యే చోటు ఒక్కటే ఉంది. అది సాహిత్యం. అక్కడ కూడా మనం లుంగీని రౌడీకి ఇచ్చేస్తే ఇక మిగిలేదేమిటి?

రచయితలు లుంగీ కట్టినవారందరినీ మంచివారుగా చిత్రించాలని ఈ వ్యాసం కోరడం లేదు. లుంగీ కట్టిన తాగుబోతులూ ఉన్నారు, ప్యాంటు తొడిగిన తాగుబోతులూ ఉన్నారు. కోరేదల్లా ఒకటి: పాత్ర ఒంటిమీది గుడ్డను ముద్రగా వాడవద్దు. అది ఏం పని చేస్తున్నదో చూడండి. ఎప్పుడు మడిచాడు, ఎవరి ముందు దించాడు, ఎవరి ముందు దించలేదు అన్నది చూడండి. ఒక పేజీ సంభాషణ చెప్పలేని సామాజిక సంబంధాన్ని ఆ ఒక్క కదలిక చెబుతుంది. లేకపోతే మనమూ స్కాట్ లాగా వేషాన్ని అలంకరించి మనిషిని లోయలో వదిలేస్తాం.

ఆ పోటీ కథల్లో ఒకటి ఒక విద్యార్థిని రాసినది. ముగింపు బలహీనంగా ఉంది, భాషలో తప్పులున్నాయి. అందులో రాత్రి బస్సులో ఒక తాపీమేస్త్రి, కిటికీ చలికి వణుకుతున్న పక్కసీటు పిల్లవాడి మీద తన సంచిలోని రెండో లుంగీ తీసి కప్పుతాడు. గళ్ళ లుంగీయే. సున్నం మరకలతో. తెల్లవారి తన స్టేజీ వచ్చినప్పుడు పిల్లవాడు ఇంకా నిద్రలోనే ఉంటాడు. మేస్త్రి ఒక క్షణం చూసి, లుంగీ తీసుకోకుండానే దిగిపోతాడు. నా చేతిలో ఉన్న మార్కులన్నీ ఆ కథకే వేశాను.